ఊక బూడిదలోంచి తీసిన సిలికాన్ యానోడ్ 60 సైకిల్స్‌కే ఎందుకు పడిపోతోంది, ఎక్కువ కాలం రావాలంటే ముందు ఏం చెయ్యాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. మీ ఊరి రైస్ మిల్లు ఊక బూడిదలోంచి సిలికా తీసి, దాన్ని మెగ్నీషియంతో కాల్చి సిలికాన్ చేశావు, యానోడ్‌గా (చార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే పక్క) కాయిన్ సెల్‌లో (గుండీ సైజు టెస్ట్ బ్యాటరీ) పెడితే మొదట గ్రాముకి 2100 ఎంఏహెచ్ (పట్టే చార్జ్ కొలత) వచ్చింది, 60 సైకిల్స్‌కి (ఒక చార్జ్, ఒక డిశ్చార్జ్ కలిస్తే ఒక సైకిల్) 900కి దిగిపోయింది, సీనియర్ ఏమో గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందం ఉండే కార్బన్ రేకు) కలుపు అంటున్నాడు, గైడ్ గారేమో కార్బన్ కోటింగ్ వెయ్యమంటున్నారు, ఎక్కువ కాలం మన్నే యానోడ్ కావాలంటే ఏది ముందు చెయ్యాలి అన్నా అని అడిగావు. నేను 18 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, మొదట ల్యాబ్‌లో, తర్వాత సెల్స్ తయారుచేసే చోట. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు గ్రాఫీన్, కోటింగ్ రెండూ పక్కన పెట్టు. నువ్వు 2100 చూసి సంతోషపడ్డావు, 900 చూసి దిగులు పడుతున్నావు, కానీ ఆ రెండు నంబర్లూ నీ యానోడ్ ఎంతకాలం బతుకుతుందో చెప్పవు. చెప్పేది ఒక్కటే, ఒక్కో సైకిల్‌లో ఎంత లిథియం పోతోంది అనేది. ఎక్కిన లిథియంలో ఎంత శాతం తిరిగి దిగింది, అదే కదా కూలంబిక్ ఎఫిషియెన్సీ అంటే. నీ గ్రాఫ్‌లో దాన్ని కుడి పక్క 0 నుంచి 100 దాకా గీశావు, అలా గీస్తే 98 అయినా 99.9 అయినా పైన ఒకే గీతలా కనిపిస్తుంది. ఆ స్కేల్‌ని 97 నుంచి 100కి మార్చి మళ్లీ గియ్యి, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

లెక్క చూడు. బయట నుంచి అదనంగా లిథియం వచ్చే దారి లేని సెల్‌లో ఎఫిషియెన్సీ 99.5 ఉంటే 100 సైకిల్స్ తర్వాత మిగిలేది 60 శాతం. 99.9 అంటే చాలా బాగున్నట్టు అనిపిస్తుంది, కానీ 1000 సైకిల్స్‌కి మిగిలేది 37 శాతమే. 99.99 ఉంటే అదే 1000 సైకిల్స్‌కి 90 శాతం మిగులుతుంది. 500 సైకిల్స్‌కి 80 శాతం కావాలంటేనే 99.95 దాటాలి. ఇది ముతక లెక్కే, ఎందుకంటే పోయిన చార్జ్ అంతా లిథియం రూపంలోనే పోదు, కానీ దారి చూపించడానికి ఇది చాలు. కెనడాలో డల్‌హౌసీ యూనివర్సిటీలో జెఫ్ డాన్ గ్రూప్ వాళ్లు ఈ దశాంశాల్ని కచ్చితంగా కొలవడం కోసమే ప్రత్యేకంగా చార్జర్లు కట్టుకున్నారు, ఏళ్ల తరబడి సైకిల్ చేసే పని లేకుండా కొన్ని వారాల్లోనే ఏ సెల్ ఎక్కువ కాలం ఉంటుందో చెప్పడానికి. మన దగ్గర ఉండే మామూలు సైక్లర్‌లో (సెల్స్‌ని చార్జ్, డిశ్చార్జ్ చేసే యంత్రం) చివరి దశాంశం నమ్మలేం, పైగా గదిలో ఏసీ రాత్రిపూట ఆపేస్తే గ్రాఫ్‌లో రోజుకో అల కనిపిస్తుంది, కాబట్టి సెల్స్‌ని 30 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టి నడుపు.

ఇంకో పెద్ద విషయం, నువ్వు చేసింది హాఫ్ సెల్. అవతల పక్క పెట్టింది లిథియం బిళ్ల. 15.6 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటర్ మందం ఉన్న బిళ్లలో దాదాపు 200 ఎంఏహెచ్ లిథియం ఉంటుంది, నీ ఎలక్ట్రోడ్‌కి కావాల్సింది మహా అయితే 2 నుంచి 3. అంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ. ఎంత పోయినా అవతల నుంచి వస్తూనే ఉంటుంది, అడిగేవాడు లేడు. అసలు బ్యాటరీలో అలా ఉండదు, క్యాథోడ్‌లో, అంటే యానోడ్‌కి ఎదురు పక్కన, ఎంత లిథియం పెట్టామో అంతే, జీతం మీద బతికే ఇల్లు లాగా. అంత మిగులు లిథియం ఉన్నా నీ సెల్ 60 సైకిల్స్‌కి సగానికి పైగా పడింది అంటే అక్కడ లిథియం తక్కువై పడలేదు, సిలికాన్ ముక్కలు విడిపోయి కరెంట్ అందక, లేదా వాటి మీద పొర మందమై లోపలికి దారి మూసుకుపోయి పడింది. ఈ తేడా తెలుసుకోకుండా కోటింగ్ వేస్తే ఏ రోగానికి మందేశామో మనకే తెలీదు.

ఆ పొర గురించి చెప్పాలి, ఎందుకంటే యానోడ్ ఆయుష్షు అంతా దాని మీదే ఉంది. యానోడ్ వోల్టేజ్ లిథియంతో పోలిస్తే 0.8 వోల్ట్ కంటే కిందికి దిగేసరికి ఎలక్ట్రోలైట్ (రెండు పక్కల మధ్య లిథియంని మోసే ద్రవం) తట్టుకోలేదు, ఉపరితలం మీద విరిగిపోయి లిథియంతో కలిసి గట్టి పొరగా కడుతుంది. 1979లో పెలెడ్ దానికి ఎస్‌ఈఐ అని పేరు పెట్టారు. పాలు కాచి చల్లారబెడితే మీగడ కడుతుంది కదా, అది తీసేస్తే కింద మళ్లీ కడుతుంది, ప్రతిసారీ ఆ మీగడ పాలలోంచే వస్తుంది. ఇక్కడా అంతే, పొర ఒకసారి కట్టి చెదరకుండా ఉంటే కింద అంతా క్షేమం, చెదిరిన ప్రతిసారీ కొత్త పొర కడుతుంది, దానికి కావాల్సిన లిథియం, ఎలక్ట్రోలైట్ మన సెల్‌లోంచే పోతాయి. గ్రాఫైట్‌కి మొదటి చార్జ్‌లో ఈ పొర కోసం 5 నుంచి 10 శాతం లిథియం ఖర్చవుతుంది, ఆ తర్వాత దాదాపు ఆగిపోతుంది. ఫ్యాక్టరీల్లో మొదటి చార్జ్‌ని అంత నిదానంగా, అంత జాగ్రత్తగా చేసేది అందుకే.

ఈ పొర ఎంత సున్నితమైనదో చెప్పడానికి పాత సంగతి ఒకటి ఉంది, నాకు ఎప్పుడు చెప్పినా ఇష్టంగానే ఉంటుంది. మొదట్లో అందరూ లిథియం లోహాన్నే యానోడ్‌గా పెట్టాలని చూశారు, గ్రాముకి 3860 ఎంఏహెచ్ మరి. కెనడాలో మోలీ ఎనర్జీ అలాంటి సెల్స్ అమ్మింది, 1989లో మంటలు రావడంతో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. గ్రాఫైట్ పొరల మధ్యకి లిథియం ఎక్కుతుంది, దిగుతుంది అని రషీద్ యాజమీ 1980ల మొదట్లోనే చూపించారు, కానీ అప్పట్లో అందరూ వాడే ప్రొపిలీన్ కార్బొనేట్ ద్రవంలో గ్రాఫైట్ పెడితే లిథియంతో పాటు ద్రవం కూడా పొరల మధ్యకి దూరి, పేకముక్కల కట్ట విడిపోయినట్టు రేకులు రేకులుగా ఊడిపోయేది. అందుకే 1985లో అకిరా యోషినో పెట్రోలియం కోక్ వాడారు, 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన మొదటి లిథియం అయాన్ బ్యాటరీలో కూడా గ్రాఫైట్ లేదు, వేరే రకం కార్బనే. 1990లో జెఫ్ డాన్ వాళ్లు ఇథిలీన్ కార్బొనేట్‌లో గ్రాఫైట్ నిలబడుతుందని చూపించారు. ఈ రెండు ద్రవాలకీ తేడా ఒక్క మిథైల్ గుంపు, అంతే. ఇథిలీన్ కార్బొనేట్ 36 డిగ్రీల దాకా గడ్డగా ఉంటుంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు (మన మే నెలలో ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో సీసా పెడితే దానంతట అదే కరిగిపోతుంది, చూసే ఉంటావు). అదే గ్రాఫైట్, అదే లిథియం, పైన కట్టే పొర ఒక్కటి మారింది, ఇవ్వాళ నీ ఫోన్‌లో ఉన్న బ్యాటరీ దాని వల్లే వచ్చింది. 2019 నోబెల్ యోషినోకి, గుడెనఫ్, విటింగ్‌హామ్‌లకి వచ్చింది గానీ యాజమీ పేరు, డాన్ పేరు కూడా ఆ పక్కనే చెప్పుకోవాలి అని నా అభిప్రాయం.

ఇప్పుడు నీ సిలికాన్‌కి వద్దాం. గ్రాఫైట్‌లో ఆరు కార్బన్లకి ఒక లిథియం, 372 ఎంఏహెచ్, ఉబ్బేది 10 శాతం. సిలికాన్‌లో నాలుగు సిలికాన్లకి పదిహేను లిథియంలు, 3579 ఎంఏహెచ్, కానీ ఉబ్బేది 300 శాతం దగ్గర. నల్లరేగడి చేను చూశావు కదా, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెలో కాలు దిగబడేంత. సిలికాన్ రేణువు ప్రతి సైకిల్‌లో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూస్తుంది. నెర్రె పడిన చోటల్లా కొత్త ఉపరితలం బయటపడుతుంది, దాని మీద కొత్త మీగడ కడుతుంది, మళ్లీ లిథియం ఖర్చు.

రేణువు చిన్నదైతే పగలదు, ఇది నిజమే. మైక్రోస్కోప్ కింద లిథియం ఎక్కిస్తూ చూసినప్పుడు 150 నానోమీటర్ల లోపు సిలికాన్ రేణువులు పగలకుండా ఉబ్బాయని 2012లో చూపించారు, అంతకుముందు 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ గ్రూప్ వాళ్ల నానోవైర్ల పేపర్‌తో ఈ రంగం అంతా నానో వైపు మళ్లింది. కానీ నానోకి ఇంకో ఖర్చుంది, ఉపరితలం. 50 నానోమీటర్ల సిలికాన్ ఒక్క గ్రాములో దాదాపు 50 చదరపు మీటర్లు, అంటే 60 గజాల స్థలం ఉంటుంది. ఫ్యాక్టరీలో వాడే గ్రాఫైట్ గ్రాముకి 1 నుంచి 5 చదరపు మీటర్లు, మహా అయితే రెండు మంచాలంత. 60 గజాలకి మీగడ కట్టాలంటే ఎంత లిథియం పోతుందో చూడు. నీ ఊక సిలికాన్ అయితే రంధ్రాలమయం కాబట్టి ఇంకా ఎక్కువే ఉండొచ్చు, బీఈటీ (గ్రాముకి ఎంత ఉపరితలం ఉందో కొలిచే పరీక్ష) చేయించావా? చేయించకపోతే వెంటనే చేయించు. నీ మొదటి సైకిల్ ఎఫిషియెన్సీ 68 శాతం అని రాశావు, నాకు అది చూడగానే ఉపరితలం మీదే అనుమానం వచ్చింది, దానితో పాటు మిగిలిపోయిన సిలికా మీద కూడా.

ఊక గురించి. ఆలోచన మంచిదే, మన దగ్గర రైస్ మిల్లులకి కొదవ లేదు, ఊక కాలిస్తే ఐదో వంతు బూడిద, అందులో ఎక్కువ భాగం సిలికానే, మొక్కే దాన్ని నానో సైజులో పేర్చి పెడుతుంది. 2013లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లు, కొరియా వాళ్లు ఊక నుంచి సిలికాన్ యానోడ్ చేసి చూపించారు. కానీ నువ్వు తెచ్చింది మిల్లు బాయిలర్ బూడిద అని రాశావు, అక్కడే చిక్కు. బాయిలర్‌లో వేడి మన చేతిలో ఉండదు, ఎక్కువ వేడికి సిలికా స్ఫటికాలుగా మారిపోతుంది, ఊకలో ఉండే పొటాషియం వల్ల కరిగి గాజులా అతుక్కుంటుంది, ఆ నానో రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. బూడిద కాదు, ఊకే తెచ్చుకో. ముందు పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మరిగించి పొటాషియం కడిగెయ్యి, తర్వాత 600 నుంచి 700 డిగ్రీల మధ్య నీ ఫర్నేస్‌లో కాల్చు, తెల్లటి పొడి వస్తుంది, ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికాలు ఉన్నాయో లేదో చూపే ఎక్స్‌రే పరీక్ష) పదునైన గీతలు లేకుండా ఒక గుట్టలా ఉండాలి.

మెగ్నీషియం దగ్గర కూడా ఒక మాట. ఆ రియాక్షన్ మొదలయ్యాక దాని వేడి అదే పుట్టించుకుంటుంది, ఫర్నేస్ మీటర్ 650 చూపిస్తున్నా లోపల పొడి పెట్టిన పడవలో (పొడవాటి చిన్న గిన్నె) ఎంత ఉందో మనకి కనిపించదు, సిలికాన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలైపోతాయి. మామూలు ఉప్పు కలుపు, సిలికా బరువుకి పది రెట్లు అయినా పర్లేదు, ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతూ ఆ వేడిని తాగేస్తుంది, తర్వాత నీళ్లతో కడిగేస్తే పోతుంది. ఉప్పు పూర్తిగా పొడిగా ఉండాలి, రాత్రంతా ఓవెన్‌లో పెట్టు. నిదానంగా వేడి పెంచు, నిమిషానికి 2 నుంచి 5 డిగ్రీలు. మిగిలిన సిలికాని తీసెయ్యడానికి హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ యాసిడ్) వాడానన్నావు, చేతికి ఏ గ్లౌజ్ వేశావో, అది మీద పడితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన ఉందో లేదో రాయలేదు. అది లేని ల్యాబ్‌లో హెచ్ఎఫ్ సీసా మూత కూడా తియ్యకు, మీ గైడ్ గారు చెప్పినా సరే. చర్మం మీద పడ్డప్పుడు మొదట నొప్పి కూడా తెలియకుండా లోపలికి పోతుంది, నేను ఈ విషయంలో ఎవరి మొహమాటం పెట్టుకోను. నీకు కావాల్సింది సిలికాన్ చుట్టూ కొంచెం సిలికా మిగిలినా నడిచే యానోడ్, నూటికి నూరు శాతం శుద్ధమైన సిలికాన్ కాదు.

ఇంకా చెప్పాలంటే 2100 అవసరమే లేదు. క్యాథోడ్ గ్రాముకి 200 ఎంఏహెచ్ అనుకో, అవతల గ్రాఫైట్ పెడితే రెండూ కలిపి గ్రాముకి 130 వస్తుంది. యానోడ్‌ని 1000 చేస్తే 167, అంటే 28 శాతం లాభం. 2000 చేస్తే 182, అంటే ఇంకో 9 శాతం మాత్రమే. 3579 దాకా పోయినా 189 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే బరువంతా అప్పటికి క్యాథోడ్‌దే. ఆ చివరి కొంచెం కోసం 300 శాతం ఉబ్బుని నెత్తిన పెట్టుకోవడం దేనికి? 500 నుంచి 1000 మధ్య నిలకడగా ఉండే యానోడ్ చేస్తే అది నిజంగా పనికొచ్చే వస్తువు. పరిశ్రమ కూడా అదే దారిలో పోయింది, ముందు గ్రాఫైట్‌లో కొద్ది శాతం సిలికాన్ ఆక్సైడ్ కలిపారు, 2015లో టెస్లా మోడల్ ఎస్‌లో సిలికాన్ కలిపామని మస్క్ చెప్పింది అలాంటి చిన్న అడుగే. ఇప్పుడు ఫోన్లలో 6000, 7000 ఎంఏహెచ్ అని వస్తున్నాయే, 2023లో చైనాలో హానర్ మ్యాజిక్ 5 ప్రోతో మొదలైన సిలికాన్ కార్బన్ రకం, అందులో సాధారణంగా చేసేది ఏంటంటే, రంధ్రాలున్న కార్బన్ రేణువుని ముందు చేసి ఆ రంధ్రాల్లోకి సిలికాన్ ఉండే సిలేన్ గ్యాస్ పంపి లోపలే సిలికాన్ కట్టేలా చేస్తారు, రంధ్రం మొత్తం నింపరు, ఉబ్బడానికి ఖాళీ వదిలి పైన ఇంకో కార్బన్ తొడుగు వేస్తారు. సిలికాన్ లోపల ఉబ్బుతుంది, బయట మీగడ కదలదు. మీ గైడ్ గారు చెప్పిన కార్బన్ కోటింగ్ తప్పు కాదు, కానీ నిండుగా ఉన్న సిలికాన్ మీద నేరుగా కోటింగ్ వేస్తే మొదటి ఉబ్బుకే అది చిట్లిపోతుంది, లోపల ఖాళీ ఉంటేనే కోటింగ్‌కి అర్థం ఉంది. నీ ఊక సిలికాన్‌కి రంధ్రాలు ఉన్నాయి కాబట్టి, పిచ్ (తారు లాంటిది) గానీ చక్కెర లాంటిది గానీ లోపలికి పూర్తిగా ఇంకకుండా పైపైన పట్టేలా చేసి ఆర్గాన్‌లో 800 దగ్గర కార్బన్ చెయ్యగలిగితే నీకు అదే ఆకారం దాదాపు ఉచితంగా వస్తుంది. గ్రాఫీన్ కరెంట్ దారి ఇస్తుంది గానీ దాని ఉపరితలం కూడా పెద్దదే, మొదటి సైకిల్ నష్టం ఇంకా పెరుగుతుంది. నేనైతే కలపను.

వీటన్నిటికన్నా ముందు, రేపే మార్చగలిగేది బైండర్, అంటే రేణువుల్ని ఒకదానికొకటి, రాగి రేకుకి అంటించి ఉంచే జిగురు. నువ్వు పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ రకం వాడావు. గ్రాఫైట్‌కి అది నడుస్తుంది, సిలికాన్‌కి నడవదు, దాని పట్టు బలహీనం, రేణువు ఉబ్బి తగ్గేసరికి దూరం జరిగిపోతుంది. పాలీయాక్రిలిక్ యాసిడ్ గానీ సీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే జిగురు) గానీ వాడు, వాటిలో ఉండే కార్బాక్సిల్ గుంపులు సిలికాన్ పైన ఉండే సన్నటి ఆక్సైడ్‌ని గట్టిగా పట్టుకుంటాయి. 2011లో జార్జియా టెక్‌లో యూషిన్ గ్రూప్ సముద్రపు నాచులోంచి వచ్చే ఆల్జినేట్ బైండర్‌తో ఇదే చూపించారు. మొదటి ప్రయత్నానికి సిలికాన్ 60, కార్బన్ బ్లాక్ 20, పాలీయాక్రిలిక్ యాసిడ్ 20 పాళ్లలో పెట్టు, పెంచుకోవడం తర్వాత చూద్దాం. నా అంచనా ప్రకారం నీ 60 సైకిల్స్ పతనంలో ఎక్కువ పాపం ఈ పీవీడీఎఫ్‌దే. ఒక జాగ్రత్త, నానో సిలికాన్ నీళ్లతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది, ముఖ్యంగా స్లర్రీ (పూత వెయ్యడానికి కలిపిన ముద్ద) క్షారంగా ఉంటే. నేను మొదట్లో ఒకసారి మూత బిగించి రాత్రికి వదిలేసిన డబ్బా పొద్దున్నకి బంతిలా ఉబ్బి ఉంది, ఆ బ్యాచ్ అంతా పారబోశాం. పీహెచ్ 3 దగ్గర ఉంచు, కలిపిన రోజే కోటింగ్ వేసెయ్యి, మూత వదులుగా పెట్టు.

ఎలక్ట్రోలైట్‌లో ఎఫ్ఈసీ (ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్) 10 శాతం వెయ్యి, లేకుండా సిలికాన్ సెల్ పెట్టడం దండగ. అది ముందుగా విరిగి లిథియం ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న గట్టి, కొంచెం సాగే పొర ఇస్తుంది. కానీ అది కూడా ఖర్చయిపోయేదే, ప్రతి సైకిల్‌లో కొంచెం కొంచెం తగ్గుతూ అయిపోయిన రోజు కెపాసిటీ ఒక్కసారిగా కిందికి దూకుతుంది. కాయిన్ సెల్‌లో ఎలక్ట్రోలైట్ ధారాళంగా పోస్తాం కాబట్టి ఆ రోజు చాలా ఆలస్యంగా వస్తుంది, అసలు సెల్‌లో గ్రాముల లెక్కన పోస్తారు, అక్కడ త్వరగా వస్తుంది. అందుకని ఎన్ని మైక్రోలీటర్లు పోశావో ప్రతి సెల్‌కీ రాసుకో.

వోల్టేజ్ హద్దులు కూడా చూసుకో. నువ్వు 0.005 వోల్ట్ దాకా దింపుతున్నావు. 50 మిల్లీవోల్ట్‌ల కిందికి పోతే సిలికాన్ లిథియం మిశ్రమం స్ఫటికంగా మారుతుంది, ఆ మార్పు రేణువుని బాగా ఇబ్బంది పెడుతుంది. 0.07 దగ్గర ఆపి చూడు, కెపాసిటీ కొంత తగ్గుతుంది, తగ్గనీ. అవతలి కొస కూడా ముఖ్యమే, గ్రాఫైట్ సిలికాన్ కలిసిన యానోడ్‌లో డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ముందు గ్రాఫైట్ ఖాళీ అవుతుంది, సిలికాన్ వంతు చివర్లో వస్తుంది. అంటే బ్యాటరీని అడుగంటా వాడిన ప్రతిసారీ నలిగేది సిలికానే. ఇలాంటి బ్యాటరీ ఉన్న ఫోన్‌ని సున్నాకి రానివ్వకుండా వాడుకోమని మా ఇంట్లో వాళ్లకి కూడా చెప్తుంటా.

గ్రాఫైట్‌ని చిన్నచూపు చూడొద్దు, నీ పనికి పోలిక పెట్టుకోవాల్సింది దానితోనే. దాని చావు వేరే రకం. దాని చార్జింగ్ వోల్టేజ్ లిథియం కన్నా 0.1 వోల్ట్ మాత్రమే పైన ఉంటుంది, వేగంగా చార్జ్ చేసినా, చలిలో చార్జ్ చేసినా ఆ కొంచెం దాటిపోయి లిథియం లోపలికి పోకుండా పైనే లోహంగా పేరుకుంటుంది. నిండా చార్జ్ అయిన సెల్‌ని గ్లవ్ బాక్స్‌లో (గాలి, తేమ చొరబడని పెట్టె) విప్పితే గ్రాఫైట్ నల్లగా ఉండదు, బంగారం రంగులో మెరుస్తుంది, సగం చార్జ్‌లో రాగి ఎరుపు, ఇంకా తక్కువైతే నీలం. మొదటిసారి చూసినప్పుడు ఎవరైనా కాసేపు చూస్తూ ఉండిపోతారు. ఆ బంగారం మీద బూడిద రంగు మచ్చలు కనిపించాయంటే అది పేరుకున్న లిథియం, అంచుల దగ్గర మచ్చలుంటే కోటింగ్ సరిగా లేదని అర్థం, మధ్యలో అడ్డంగా చారలుంటే ఒత్తిడి సమానంగా లేదేమో చూడాలి. (నిండా చార్జ్ ఉన్న సెల్‌ని గాలిలో ఎప్పుడూ విప్పకు, మంట లేస్తుంది.) అదే మన వైపు ఎండల్లో అయితే ఎక్కువగా జరిగేది ఆ మీగడ మందం పెరగడం, వేడికి అన్ని రియాక్షన్లూ వేగం పుంజుకుంటాయి, నిండా చార్జ్ పెట్టి మే నెల మధ్యాహ్నం ఎండలో బండి నిలబెడితే నడపకపోయినా ఆయుష్షు తగ్గుతుంది.

ఆయుష్షు ఒక్కటే కావాలి, బరువు పర్లేదు అంటే లిథియం టైటనేట్ ఉంది. గ్రాముకి 175 ఎంఏహెచ్ మాత్రమే, 1.55 వోల్ట్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఎలక్ట్రోలైట్ విరగదు, ఉబ్బడం దాదాపు సున్నా, మీగడ గొడవే లేదు. తోషిబా 2008 నుంచి అమ్ముతోంది. మన హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో కూడా దీని మీద పని జరిగింది, వీలైతే అక్కడి వాళ్లతో మాట్లాడు. సెల్ వోల్టేజ్ 2.3 దగ్గరే ఆగిపోవడం దీని ఇబ్బంది, బస్సులకి, స్టోరేజ్‌కి సరే గానీ ఫోన్‌కి కుదరదు. నేను దీన్ని గుర్తు చేసేది ఎందుకంటే, పొర కదలకపోతే ఎంతకాలం వస్తుందో కళ్లారా చూడాలంటే ఒక టైటనేట్ సెల్ పక్కన పెట్టుకుని నడుపు.

ఇక పేపర్లలో తక్కువగా కనిపించే విషయం. సిలికాన్ సైకిల్స్‌లో బాగానే ఉండి ఊరికే కూర్చోబెడితే పాడవుతుంది. దాని పొర గ్రాఫైట్ పొరలా నిలకడగా ఉండదు, కదలకుండా పెట్టినా నెమ్మదిగా కరుగుతూ మళ్లీ కడుతూ లిథియం తింటుంది. త్వరత్వరగా 500 సైకిల్స్ మూడు నెలల్లో నడిపి బాగుంది అంటాం, అదే కారులో ఎనిమిదేళ్లు ఉండాలి. దీనికి టెస్ట్ సులువు, చార్జ్ చేసి నెల రోజులు వదిలేసి ఎంత దిగిందో చూడటమే, కానీ ఓపిక ఉండదు ఎవరికీ. ఉద్యోగానికి వెళ్లినప్పుడు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో వస్తున్న సెల్ ఫ్యాక్టరీ అయినా ఇంకెక్కడైనా, నిన్ను 2100 ఎలా వచ్చింది అని అడగడం కన్నా ఫుల్ సెల్‌లో (లిథియం బిళ్ల బదులు అసలు క్యాథోడ్ పెట్టిన సెల్) ఎంత, 45 డిగ్రీల్లో ఎంత, నిల్వ ఉంచితే ఎంత అని అడగడానికే ఎక్కువ అవకాశం ఉంది.

కాబట్టి నీ చేతిలో ఉన్న ఈ సెమిస్టర్‌లో నేనైతే ఇలా చేస్తా. ఉన్న పొడితోనే పీవీడీఎఫ్ తీసేసి పాలీయాక్రిలిక్ యాసిడ్, ఎఫ్ఈసీతో మూడు సెల్స్, ఒకటి కాదు మూడు, ఎందుకంటే ఒక్క సెల్ ఏదైనా చెప్తుంది. అదే సమయంలో ఊక కొత్తగా కాల్చి ఉప్పుతో రెడ్యూస్ చేసిన పొడి ఒకటి తయారు చెయ్యి. అందులో 10 నుంచి 15 శాతం గ్రాఫైట్‌లో కలిపి ఎలక్ట్రోడ్ వెయ్యి, చదరపు సెంటీమీటర్‌కి కనీసం 2 ఎంఏహెచ్ ఉండేలా, పలచటి పూత మీద అందరికీ మంచి నంబర్లే వస్తాయి. దాన్ని ముందు హాఫ్ సెల్‌లో రెండు సైకిల్స్ తిప్పి, గ్లవ్ బాక్స్‌లో విప్పి, మొదటి సైకిల్ నష్టం తీరిపోయిన ఆ యానోడ్‌ని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్‌తో జత కట్టు. ఐరన్ ఫాస్ఫేట్ ఎందుకంటే మాంగనీస్ ఉన్న క్యాథోడ్లలోంచి మాంగనీస్ కరిగి వచ్చి యానోడ్ పొరని పాడుచేస్తుంది, అప్పుడు తప్పు ఎవరిదో తేల్చలేం. యానోడ్ కెపాసిటీ క్యాథోడ్ కన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉండాలి. పక్కనే ఉట్టి గ్రాఫైట్‌తో అచ్చం అలాంటి సెల్ పెట్టు, నీ గీతని దాని గీతతోనే పోల్చు.

అయిపోయాక ఒక సెల్ విప్పి రాగి రేకు మీద పూత అంటుకునే ఉందా, పెచ్చులుగా లేచిందా చూసి ఫోటో ఇక్కడ పెట్టు, మార్చిన స్కేల్‌తో ఎఫిషియెన్సీ గ్రాఫ్ కూడా పెట్టు, చూసి చెప్తా. నిల్వ టెస్ట్ కోసం మాత్రం రెండు సెల్స్ ఈ వారమే పక్కకి తీసి పెట్టెయ్యి, ఆ నెల రోజుల్ని మనం తొందరపెట్టలేం, మిగతావన్నీ ఆలోపు చేసుకోవచ్చు.